కెమెరా తెర ఎవరి వైపు?

ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఊర్లలో మా ఎరుకల కుటుంబాలు ఉన్నాయి. వాటిలో నాలుగక్షరాలు నేర్చిన కొందరం తలా కొంత వేసుకుని ఒక కెమెరా కొందామనుకున్నాం. గంప అల్లే చేతులు, చాట కట్టే తీరు, ఎరుక చెప్పే ముసలమ్మల ముఖాలు, ఇంట్లో కుర్రు భాషే మాట్లాడే తాతలు, వీళ్ళంతా ఉండగానే బొమ్మల్లో దాచుకోవాలని మా ఆశ. ఫోన్లు లేవా అని ఎవరైనా అడుగుతారు. ఉన్నాయి. కానీ ఫోన్ ఒకరి సొంతం. అందులో తీసిన బొమ్మ పెళ్ళి పత్రికల మధ్య, పొద్దున్నే వచ్చే శుభోదయాల మధ్య పడి కనబడకుండా పోతుంది. లేదంటే కూర్చున్న అవ్వ లేచి కొంగు సర్దుకునే లోపలే పదిమంది ఫోన్లలోకి చేరిపోయి ఉంటుంది. ఇది మనందరిదీ అని చెప్పుకోగలిగిన వస్తువు ఒకటి ఉండాలనిపించింది.

కొనాలనుకున్నాక రెండు దారులు ఎదురయ్యాయి. ఒకటి జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా. దాని లెన్సు దానికే అతుక్కుని ఉంటుంది, విప్పలేం. రెండోది మిర్రర్‌లెస్‌లో మొదటి మెట్టు కెమెరా. పాత పెద్ద కెమెరాల్లో లెన్సులోంచి వచ్చిన వెలుగును అద్దం మీద పడేసి పైనున్న కిటికీలోకి పంపేవాళ్ళు. 2008లో పానసోనిక్ జి1తో మొదలుపెట్టి ఆ అద్దాన్ని తీసేశారు, లెన్సు మార్చుకునే వీలును మాత్రం ఉంచారు. అంగట్లో అడిగితే నిమిషంలో తేల్చేస్తారు: పెద్దది కొనండి, బొమ్మ బాగా వస్తుంది. మాకు మాత్రం నెలలు పట్టింది. బాగా రావడమంటే ఎవరికి బాగా రావడం అన్న మాట మధ్యలో అడ్డం పడింది.

ముందు అంగటివాళ్ళ మాటనే పరీక్షకు పెట్టాం. ఉదాహరణకు కానన్ వాళ్ళవే రెండు తీసుకుందాం. 2023లో వచ్చిన ఈఓఎస్ ఆర్100 అనే మిర్రర్‌లెస్‌లో బొమ్మ పడే సెన్సారు 22.3 మిల్లీమీటర్ల పొడవు, 14.9 మిల్లీమీటర్ల వెడల్పు. 2019లో వచ్చిన పవర్‌షాట్ జి7 ఎక్స్ మార్క్ 3 అనే కాంపాక్ట్‌లో అది 13.2, 8.8 మాత్రమే. గుణిస్తే పెద్దది చిన్నదానికి దాదాపు మూడు రెట్లు. ఇక్కడితో ఆపేస్తే అంగటివాళ్ళే గెలుస్తారు. కానీ మొదటి మెట్టు కెమెరాతో పాటు ఇచ్చే లెన్సు ఎఫ్ 4.5 కంటే ఎక్కువ తెరుచుకోదు. కాంపాక్ట్ లెన్సు ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. ఆ తేడా వల్ల ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే వెలుగు ఆరు రెట్లు ఎక్కువ. సెన్సారు మూడోవంతే అయినా, అంతా కలిపి చూస్తే వెడల్పుగా తీసేటప్పుడు చిన్న కెమెరాకే రెండింతల వెలుగు అందుతుంది. మా పెద్దోళ్ళు పని చేసేది బోద కప్పిన వసారాల్లో, రేకుల షెడ్ల నీడలో. అక్కడ ఈ లెక్క చాలా ముఖ్యం. పెద్దదానికి ఎఫ్ 1.8 లెన్సు విడిగా కొంటే లెక్క తిరగబడుతుందనేదీ నిజమే. అయితే అది ఇంకో డబ్బు. మిర్రర్‌లెస్ కొనడమంటే ముందు ముందు ఇంకా కొంటామని మాట ఇవ్వడం. చీటీ పాట లాంటి వ్యవహారం.

దుమ్ము సంగతి కూడా చూశాం. నాపరాతి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ కరెంటు బూడిద, లారీలు ఉన్న ఊర్లో బతికేవాళ్ళకు దుమ్ము గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. లెన్సు మార్చినప్పుడల్లా సెన్సారు గాలికి తెరుచుకుంటుంది. కాంపాక్ట్ లెన్సు బయటికి వచ్చి లోపలికి పోయేటప్పుడు గాలితో పాటు దుమ్మునూ పీల్చుకుంటుంది, ఒకసారి లోపలికి పోయిందంటే మన చేత్తో తుడవలేం. ఈ విషయంలో రెండూ రెండే.

ఇక ధర. చిన్నది కాబట్టి చవక అనుకునే కాలం పోయింది. 2010లో జపాను కంపెనీలు పన్నెండు కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపాయి, వాటిలో ఎక్కువ భాగం కాంపాక్ట్‌లే. ఫోన్లు వచ్చి వాటిని మింగేశాయి. 2023కి అన్ని రకాలూ కలిపినా ఎనభై లక్షల లోపే. మిగిలిన మంచి కాంపాక్ట్‌లకు ధర పెరిగింది. కాబట్టి డబ్బు వైపు నుంచి కూడా మాకు తీర్పు దొరకలేదు.

మా పిల్లల్లో డిగ్రీ చదివేవాడొకడు పెద్దదే కొనాలని గట్టిగా పట్టుబట్టాడు. వాడి మాట మాకు గుచ్చుకుంది. "మామా, బయటోళ్ళు మన బొమ్మలు తీయడానికి భుజాన పెద్ద కెమెరాలు వేసుకొస్తారు. మనోళ్ళ బొమ్మలు మనం తీసుకునేదానికి ఆటబొమ్మ లాంటిది చాలా? మనకెప్పుడూ రెండో రకమేనా?" అన్నాడు. దీన్ని తేలిగ్గా తీసుకోలేం. పెళ్ళిలో పెద్ద కెమెరా పట్టుకున్నవాడికి కుర్చీ వేస్తారు, కూల్‌డ్రింకు ఇస్తారు. మా అవ్వలు కూడా చిన్న కెమెరా చూస్తే, ఇది నిజంగా తీస్తుందా నాయనా అని అడుగుతారు. పెద్ద కెమెరా ముందు కూర్చోవడమే ఒక మర్యాదని వాళ్ళు అనుకుంటే, కాదని చెప్పడానికి మేమెవరం?

వాడి వాదంలో ఇంకో బలముంది, అది వాడికీ తట్టలేదు. చిన్న కెమెరా దొంగతనానికి అనువైనది. గుప్పెట్లో దాగుతుంది, చప్పుడు ఆపేయొచ్చు, సంతలో గంపలమ్మే ఆమె ముఖం ఆమెకు తెలియకుండానే తెచ్చుకోవచ్చు. సహజంగా వచ్చింది, ఎంత బాగుందో అని చూసినవాళ్ళు మెచ్చుకుంటారు కూడా. పెద్దదైతే దాచలేం. తీసేవాడు నిలబడాలి, నమస్తే చెప్పాలి, అడగాలి. దొంగ జాతి అని ముద్ర వేయించుకున్న మేం మా పెద్దోళ్ళ ముఖాలను వాళ్ళకు తెలియకుండా తీసుకుంటే ఎట్లా ఉంటుంది?

ఆ ముద్ర ఎట్లా పడిందో తెలియని పిల్లల కోసం రెండు మాటలు. మాలో ఉప్పు ఎరుకలని ఒక శాఖ. సముద్రం వైపు నుంచి ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకొచ్చి మెట్ట ఊర్లలో ధాన్యానికి మార్చేవాళ్ళు. మన ఎర్రగుంట్ల మీదుగా పోయే మద్రాసు–బొంబాయి రైలు మార్గం రాయచూరు దగ్గర కలిసింది 1871లో. నేరస్థ తెగల చట్టం ఉత్తరాదిన వచ్చిందీ ఆ ఏడాదే. రైలు బస్తాలు మోయడం మొదలుపెట్టాక గాడిదకు పని పోయింది. పనిపోయి తిరిగే మనిషి మీద తెల్లదొరలకు అనుమానం వచ్చింది. 1911లో ఆ చట్టం మద్రాసు రాజధానికీ పాకింది, ఇక్కడ 1947లో రద్దయింది, దేశమంతటా 1952లో. ఆ మధ్య కాలంలో పేరు, వేలిముద్ర, హాజరు – ఇవే మా వాళ్ళకు సర్కారుతో ఉన్న చుట్టరికం. మా ముసలోళ్ళలో ఇప్పటికీ కొందరు ఫొటో అనగానే స్టేషనా అని అడుగుతారు.

పెద్ద కెమెరా ఉంటే అడిగి తీస్తారు అన్న మాట దగ్గర మాకు అనుమానం వచ్చింది కూడా ఈ చరిత్ర చూసే. 1876–78 మధ్య, మనోళ్ళు ధాత, ఈశ్వర కరువు అనే ఆ కరువులో, కడప, కర్నూలు సీమలు మాడిపోయాయి. మద్రాసు సైన్యంలో ఉన్న విల్లోబీ వాలెస్ హూపర్ అనే అధికారి ఆకలితో ఎముకలు తేలిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి బొమ్మలు తీశాడు. అతని కెమెరా జేబులో పట్టేది కాదు. గాజు పలకలు, మూడు కాళ్ళ స్టాండు, ఎంత సరంజామానో. దాచడానికి వీల్లేని కెమెరా అది. అయినా కూర్చున్నవాళ్ళలో ఏ ఒక్కరినైనా, నిన్ను ఇట్లా చూపించనా అని అడిగినట్టు ఆ బొమ్మల్లో కనబడదు. అదే హూపర్ 1886లో బర్మాలో ఖైదీలను కాల్చి చంపేటప్పుడు తుపాకీ పేలే క్షణాన్ని పట్టుకోవాలని కెమెరా పెట్టాడు. దాని మీద లండన్ పార్లమెంటులో గొడవై విచారణ జరిగింది.

1909లో ఏడు సంపుటాలుగా అచ్చయిన 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా'లో మేమూ ఉన్నాం. మద్రాసు మ్యూజియం పెద్ద ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి చేసిన పని అది. థర్‌స్టన్ దగ్గర కెమెరాతో పాటు తలలు, ముక్కులు కొలిచే పరికరాలూ ఉండేవి. వాటిని చూసి జనం ఎట్లా బెదిరారో ఆయనే సరదాగా రాసుకున్నాడు. వైనాడు పణియ ఆడవాళ్ళు తమలో బాగున్నవాళ్ళను చంపి, గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడని భయపడ్డారట. నీలగిరి వాలులో ఒక ఇరుల మనిషి ఎత్తు కొలిచే కొయ్యను ఉరికొయ్య అనుకుని కొలిపించుకోనన్నాడట. చదివేవాళ్ళు నవ్వడానికి రాసిన ముచ్చట్లివి. మాకు నవ్వు రాలేదు. ఆ ఇరులాయన పొరబడ్డాడని కూడా మేం అనుకోవడం లేదు.

దయ గలవాళ్ళ సంగతి వేరే. 1940లో అమరాబాదు వైపు చెంచుల మధ్య ఉండి హైమెండార్ఫ్ తీసిన బొమ్మల్లో ప్రేమ కనబడుతుంది. అయినా అవి ఇవాళ భద్రంగా ఉన్నది లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో. ఎన్ని చెంచుపెంటల్లో, ఎవరి ఇంటి గోడ మీద వాళ్ళ తాత బొమ్మ ఉంటుంది?

కాబట్టి పెద్దదైతే మర్యాద, చిన్నదైతే దొంగతనం అన్న లెక్క నిలబడలేదు. చిన్నదైతే చనువు, పెద్దదైతే బెదురు అన్న దాని తిరగేసిన లెక్కా నిలబడదు. ఇక్కడ చాలాకాలం ఆగిపోయాం. మమ్మల్ని కదిలించింది సెన్సారు కాదు, లెన్సూ కాదు, వెనకాల ఉండే తెర. ఆర్100 తెర వీపుకు అతికించినట్టు ఉంటుంది, కదలదు. తీసేవాడొక్కడే చూడగలడు. ఇంకొంచెం పై మెట్టు మిర్రర్‌లెస్‌లలో తెర పక్కకు తెరుచుకుని ముందుకు తిరుగుతుంది, కొన్నింటిలో కన్ను పెట్టి చూసే కిటికీ కూడా ఉంటుంది. జి7 ఎక్స్ మార్క్ 3లో ఆ కిటికీ లేదు. తెర పైకి లేచి పూర్తిగా ముందుకు వాలుతుంది. వాలిందంటే కూర్చున్న మనిషికి తన బొమ్మ తనకు కనబడుతుంది, తీసేవాడికి ఏమీ కనబడదు. అంగటివాళ్ళు దాన్ని లోపమంటారు, తమ ముఖం తామే తీసుకునేవాళ్ళ కోసం పెట్టారని చెబుతారు. మాకు మాత్రం కావలసింది సరిగ్గా అదే. అవ్వ అద్దంలో చూసుకున్నట్టు చూసుకుని, ఇప్పుడు నొక్కు అనాలి. అప్పుడు మేం నొక్కాలి. తీసేవాడు ఆమె మాటను నమ్మి గుడ్డిగా నొక్కాల్సి రావడం మాకు న్యాయంగా తోచింది.

ఇట్లా తీస్తే బొమ్మలు బిగుసుకుపోతాయి, సహజత్వం ఉండదు అని ఒక మిత్రుడన్నాడు. నిజమే. మనిషి తెరలో తనను చూసుకోగానే జుట్టు సవరించుకుంటుంది, పెట్టెలోంచి పండగ చీర తెమ్మంటుంది, గంపను పక్కకు నెట్టేయమంటుంది. గంప లేకపోతే ఎరుకల బొమ్మ ఎట్లా అవుతుందని మాకూ కాస్త ప్రాణం పీకింది. కానీ ఆ గంప కావాలన్నది ఎవరికి? చూసేవాళ్ళకు. సహజంగా ఉండాలన్న కోరికా వాళ్ళదే. కోమట్ల ఇంట్లోనో రెడ్ల ఇంట్లోనో పెద్దావిడ బొమ్మ తీసేటప్పుడు వంటింటి పొయ్యి ముందు మసి చీరతో కూర్చోబెట్టి తీయరు కదా. మంచి చీర కట్టుకుని, కుర్చీలో కూర్చుని, రెండు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బిగుసుకున్న ఆ బొమ్మ మా అవ్వ తన గురించి తాను చెప్పుకున్న మాట. అల్లే పని కావాలంటే ఇంకో రోజు, ఇంకోసారి అడిగి తీసుకోవచ్చు.

డిగ్రీ పిల్లోడికి జవాబు ఇవ్వాల్సి ఉంది. వాడి రోషం సరైనదే, అయితే మర్యాదను కెమెరా సైజులో కాకుండా చేతికొచ్చే కాగితంలో చూద్దామన్నాం. చిన్న కెమెరా బొమ్మలో 5472 చుక్కలు అటు, 3648 ఇటు. అంగుళానికి 300 చొప్పున లెక్కేస్తే 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ప్రింటు ఎక్కడా చెదరకుండా వస్తుంది. ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే వీధిలోంచే కనబడుతుంది. వాడు లెక్క తానే మళ్ళీ వేసి చూసుకుని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గానీ పూర్తిగా సమాధానపడలేదు. వాడికి రేపు లెన్సులు మార్చే కెమెరా చేతికొస్తే మేం సంతోషిస్తాం.

చివరికి చేతులు మారిన కాంపాక్ట్ ఒకటి తీసుకున్నాం. నొక్కినప్పుడు వచ్చే చప్పుడును ఆపకూడదని కట్టుబాటు పెట్టుకున్నాం. దాచుకున్న డబ్బులో కొంత ప్రింట్ల కోసం పక్కన పెట్టాం. కూర్చున్న ప్రతి మనిషికీ కాగితం మీద ఒకటి ఇచ్చాకే మా పెట్టెలో ఒకటి. ఎవరైనా తీసేయమంటే వాళ్ళ ముందే తీసేయాలి. కెమెరా నెలకొక ఇంట్లో ఉంటుంది, పిల్లలూ ముట్టుకోవచ్చు.

మొదటి నెలలో ఒక అవ్వ తెరలో తన ముఖాన్ని చాలాసేపు చూసుకుంది. తర్వాత వేలితో కెమెరా ముక్కును కిందికి నొక్కింది. ముఖం పోయి, ఒళ్ళో ఉన్న రెండు చేతులు, వెదురు బద్దలు కోసుకున్న పాత గాట్లు మాత్రమే మిగిలాయి. "ముఖం వద్దు నాయనా, ఇవి చాలు. ఇప్పుడు నొక్కు" అంది. నొక్కాం.