కొంగను చంపిన తపస్వి, బాతులను కొట్టే వేటగాడు: హింస ఎవరిది?



ఈ వారం వీడియోలో మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథ చెప్పుకున్నాం కదా. అందులో మనం తొందరగా దాటేసే విషయం ఒకటుంది. ఆ కథలో పక్షి చనిపోయింది వేటగాడి బాణానికి కాదు, ఒక తపస్వి చూపుకి!

కౌశికుడు చెట్టు కింద కూర్చుని వేదం చదువుకుంటుంటే పైనుంచి ఓ కొంగ రెట్ట వేసింది. ఆయన కోపంగా చూశాడు, అది చచ్చి కిందపడింది. తర్వాత పాపం ఆయన చాలా బాధపడ్డాడు కూడా. చివరికి ఆయనకు ధర్మం బోధించిందెవరు? మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు. అన్నీ చదివినాయనకు మాంసం కొట్టాయన గురువెలా అయ్యాడు?

ఈ ప్రశ్న నాకు ఆఫీసులో ఇంకో రూపంలో ఎదురైంది. మా ప్రాజెక్టులో క్లయింట్ వైపు పనిచేసే ఒకాయనది అమెరికాలోని యూటా. పడమటి వైపు, కొండల మధ్య ఉండే రాష్ట్రం అది. సీజన్ రాగానే తెల్లవారకముందే లేచి బాతుల వేటకు పోతాడు. నేను శాకాహారిని. "మరి పాపం అనిపించదా?" అని అడిగాను. ఆయన నవ్వి, "మీ ఊళ్లో బాతుల కోసం నువ్వు ఏడాదికి ఎంత ఖర్చుపెడతావ్?" అన్నాడు.

ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. అక్కడ 16 ఏళ్లు నిండినవాళ్లు నీటి బాతులను వేటాడాలంటే రాష్ట్ర లైసెన్సుతో పాటు ఫెడరల్ డక్ స్టాంపు కొనాలి. 1934 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఇప్పుడు ధర 25 డాలర్లు. అందులో డాలరుకి 98 సెంట్లు పక్షులు బతికే చిత్తడి నేలల కోసమే పోతాయి. రోజుకి ఎన్ని కొట్టొచ్చో కూడా లిమిట్ ఉంటుంది. నీళ్లలో పడ్డ సీసం గుళ్లు మింగి మిగతా పక్షులు చస్తున్నాయని, 1991 నుంచి బాతుల వేటలో సీసం వాడకం దేశమంతా నిషేధించారు.

మన దగ్గర దారి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట లైసెన్సుతో వేటాడే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. ఇప్పుడు అడవి బాతును వలేసి పట్టినా, గులేరుతో కొట్టినా నేరమే. మంచిదే. కానీ అంతటితో మన చేతులు శుభ్రమైనట్టేనా?

మాది సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట. మా వైపు చెరువుల్లో చలికాలం నీటి బాతులు దిగుతాయి. కొంచెం అవతల సంగారెడ్డి దగ్గరున్న మంజీరా అభయారణ్యానికైతే హిమాలయాలు దాటి బార్ హెడెడ్ గూస్‌లు వస్తాయి. తెల్లటి తల, దానిమీద రెండు నల్ల చారలు. మన కావ్యాల్లోని హంస ఈ పక్షే అయి ఉంటుందని కొందరు పండితులు అంటారు. అక్కడికే వచ్చే కాషాయరంగు బాతు ఉంది చూడండి, అదే మన చక్రవాకం. అంటే సరస్వతీదేవి పటంలో మనం దండం పెట్టుకునే హంస, ఇన్ని వేల కిలోమీటర్లు ఎగిరి మన ఇంటి పక్కకే వస్తోందేమో!

వచ్చాక దానికి కావాల్సింది నీళ్లున్న ఒక చెరువు. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి ఊళ్లలో చాలా చెరువుల్లో పూడిక తీశారు. మరి సిటీలో? ప్లాటు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, ఈశాన్యం చూస్తాం. ఎఫ్‌టీఎల్‌లో ఉందా అని అడిగేది మాత్రం బ్యాంకు లోనుకి అడ్డొస్తుందని, రేపు కూల్చేస్తారని. అక్కడ పక్షి దిగేదని ఎవరం అడుగుతాం? వేటగాడు కొడితే ఒక బాతు పోతుంది. చెరువు పూడిస్తే రాబోయే బాతులన్నిటికీ చోటు పోతుంది. తుపాకీ చప్పుడు ఉండదు, రక్తం కనపడదు, కాబట్టి దాన్ని మనం హింస అనుకోం. పిట్టలు పట్టి బతికినవాళ్లను తిట్టడం సులువు. చెరువులో విల్లా కొన్నవాళ్ల గృహప్రవేశానికి మాత్రం గిఫ్టు పట్టుకుని పోతాం.

ధర్మవ్యాధుడు చెప్పింది ఇదే. నాగలి దున్నినా మట్టిలో ప్రాణులు చస్తాయి, హింస అస్సలు తగలని బతుకు ఎవరికీ లేదు అంటాడాయన. ఆయన తన చేత్తో చంపడు, మాంసం తినడు, అయినా తన బతుకులో ఉన్న హింసను దాచిపెట్టడు. కౌశికుడికి లేనిది ఆ ఎరుకే.

అలాగని యూటా మిత్రుడి లెక్క నాకు పూర్తిగా సరిపోలేదు. 25 డాలర్లు చెరువుకి ఖరీదు కావచ్చు, ప్రాణానికి కాదు. క్రౌంచ పక్షి కూలినప్పుడు వాల్మీకి మహర్షి గుండెను తాకింది జంట పక్షి ఏడుపు. ఆ ఏడుపుకి ఏ స్టాంపూ సమాధానం చెప్పలేదు. ఆయన బాధ్యత నెరవేర్చాడు, కానీ కరుణ దగ్గర ఆగిపోయాడు. మనకు కరుణ ఉంది, బాధ్యత దగ్గర ఆగిపోతున్నాం. నా దృష్టిలో అహింసకు రెండూ కావాలి.

అందుకే ఫ్రెండ్స్, ఒక చిన్న సంకల్పం. ఎవరైనా అడవి బాతు మాంసం అమ్మితే కొనొద్దు, అటవీశాఖకు చెప్పండి. ప్లాటు చూసేటప్పుడు చెరువు హద్దు ఎక్కడిదాకా ఉందో మొదటి ప్రశ్నగా అడగండి. చలికాలం ఊరికి పోయినప్పుడు ఒక పొద్దున చెరువు కట్ట మీద కాసేపు నిలబడి, ఎన్ని బాతులు వచ్చాయో లెక్కపెట్టండి. పిల్లలుంటే వాళ్లనీ తీసుకెళ్లండి.

జై శ్రీరామ్.