వ్రాసినవాడు, వ్రాయించినవాడు

మండికల్ ప్రాంతమున చాల ఇండ్లలో మాట్లాడునది తెలుగు. పహణీలో నుండునది కన్నడము. చిక్కబళ్ళాపురము తాలూకాలోని ఈ హోబళిలో గాని, బాగేపల్లి, చింతామణి వైపున గాని, రాగిచేను గలవానికిని ద్రాక్షతోట గలవానికిని ఆ కాగితమే ఆధారము. వెనుకటి దినములలో అది శానుభోగుల చేతిలో నుండెడిది. మైసూరు రాష్ట్రమున 1961లో చేసిన చట్టముతో వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దయినవి. ఉద్యోగి మారెను గాని పుస్తకము చేతివ్రాతదిగనే నిలిచినది. ఒక పేరు గీకివేసి మరియొక పేరు వ్రాసినచో, అది ఏనాడు జరిగెనో, ఎవరు చేసిరో సిరా చెప్పదు గదా!

2000వ సంవత్సర ప్రాంతమున కర్ణాటక ప్రభుత్వము 'భూమి' అను పథకము క్రింద సుమారు 67 లక్షల రైతులకు చెందిన 2 కోట్ల పహణీలను కంప్యూటరునకు ఎక్కించినది. అందులోని విశేషము అచ్చు అక్షరములు కావు. ఉద్యోగి వ్రేలిముద్ర వేసినగాని పుస్తకము తెరవబడదు. తెరచిన పిమ్మట అతడు చేసిన మార్పు అతని పేరనే నిలుచును. తరువాత 'నేను కాదు' అనుటకు వీలులేదు.

ఇట్టి లెక్కలను దాచు డేటాబేసులలో సాధారణముగా ప్రతి పద్దు ప్రక్కను రెండు గడులుండును: పద్దు పుట్టిన వేళ ఒకటి, చివర మారిన వేళ ఒకటి. వీనిని గుమాస్తా నింపడు. యంత్రము తన గడియారము చూచి తానే నింపును. అయితే రెండవ గడికి మతిమరుపు ఎక్కువ. పద్దు మూడుమార్లు మారినచో మూడవ తేదియే మిగులును. మొదటి రెండును మాసిపోవును. అందుచే జాగ్రత్తపరులు వేరొక పట్టికను పెట్టుదురు. పద్దును ముట్టుకొనగనే 'ట్రిగ్గరు' అను ఏర్పాటు పాత విలువను, కొత్త విలువను, వేళను, చేసినవాని గుర్తును ఆ పట్టికలోనికి ఎక్కించును. ఉత్పాదము, వ్యయము, ధ్రౌవ్యము అని మనవారు వస్తువునకు చెప్పిన లక్షణము ఇచ్చట కన్నులకు కట్టినట్లుండును. కొత్త విలువ పుట్టినది, పాతది పోయినది, పద్దు సంఖ్య నిలిచినది. రెండు గడులతో తృప్తిపడువాడు వ్యయమును మరచినవాడు.

వర్తకులకును ఇది క్రొత్త మాట కాదు. 2023 ఏప్రిల్ 1 నుండి, కంప్యూటరుపై లెక్కలు వ్రాయు ప్రతి కంపెనీయు, ప్రతి మార్పును తేదితో నమోదు చేయునట్టియు, ఆ నమోదును ఎవరును ఆపలేనట్టియు సాధనమునే వాడవలెనని నిబంధన. మన అంగళ్ళలో పెక్కు కంపెనీలు కావు గనుక మనకు బాధలేదని నిట్టూర్చినవారిని నేనెరుగుదును. ఆ నిట్టూర్పు నాకు నచ్చలేదు.

ఇక ప్రశ్న. యంత్రము ఇంత మెలకువగా నున్నప్పుడు కూటలేఖ అంతరించినట్లేనా? తత్త్వార్థసూత్రమున సత్యాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో కూటలేఖక్రియ యొకటి. పూజ్యపాదస్వామి సర్వార్థసిద్ధిలో దానిని వివరించుచు, ఒకడు అననిదానిని, చేయనిదానిని అతడు అనెను, చేసెను అని వంచనకై వ్రాయుట అనిరి. అంతటితో ఆగక, అది ఇతరుల ప్రేరణచే జరుగుననియు చేర్చిరి. ఈ 'ఇతరుల ప్రేరణ' కు యంత్రములో గడి లేదు.

ఒక కుటుంబమును ఊహించుకొందము. తండ్రి పోయెను. పౌతి ఖాతా కొరకు వంశవృక్షము కావలెను. బెంగళూరులో కాపురమున్న చెల్లెలి పేరు అన్న అందులో వ్రాయించలేదు. హిందూ వారసత్వ చట్టము జైనులకును వర్తించునదే. 2005 నాటి సవరణతో కూతురికి పిత్రార్జితమున కొడుకుతో సమాన హక్కు స్పష్టమైనది. అన్నకు ఇది తెలియును. ఇరుగుపొరుగువారు ఆ చెల్లెలి పెండ్లిభోజనము చేసినవారే. అయినను 'మనకెందుకు' అని సాక్షిసంతకము పెట్టిరి. ఉద్యోగి కాగితములు చూచి, నియమము తప్పక, వ్రేలిముద్ర వేసి అన్న పేరు ఎక్కించెను. యంత్రము గంటతో, నిమిషముతో సహా వ్రాసికొన్నది. ఎవరి పేరు? ఏ పాపమెరుగని ఉద్యోగి పేరు!

శాస్త్రపు పట్టిక వేరు. చేయుట, చేయించుట, అనుమోదించుట అను మూడు, మనోవాక్కాయములు మూడు, సంకల్పము, సన్నాహము, ఆరంభము మూడు, క్రోధమానమాయాలోభములు నాలుగు. గుణించిన 108. యంత్రము ఎరిగినది ఇందులో చేయుట అను ఒక్క వరుసను, అదియు వ్రేలికొనవరకు మాత్రమే. అన్న లోభము, పొరుగువారి మౌనము ఎచ్చటను పద్దు పడలేదు. పడలేదు గనుకనే వారు రాత్రి నిదురపోవుచున్నారు. యంత్రముపై నాకు ద్వేషము లేదు. గీకుడుకత్తిని అది మాన్పించినది. కాని అది తప్పు పట్టలేదు గనుక తప్పే లేదనుకొను అలవాటు మనలో పెరుగుచున్నదేమోనని భయము. ప్రతిక్రమణమున మనము నోటితో చెప్పునది మాత్రము కృతమును, కారితమును, అనుమోదితమును గూర్చియే.

క్షమావాణి నాడు ఆ అన్న చెల్లెలికి ఫోను చేసి, తెలిసి చేసినవి, తెలియక చేసినవి అన్నియు క్షమింపుమనును. ఆమెయు క్షమించితిననును. మరునాడు కచేరికి పోయి ఆమె పేరు చేర్పించుటకు అర్జీ పెట్టడు. పెట్టినచో పాత పద్దు చెరిగిపోదు. దాని క్రింద మరియొక మ్యుటేషను సంఖ్య, మరియొక తేది చేరును. మొదట ఆమెను విడిచిన సంగతియు, పిదప చేర్చిన సంగతియు మనుమలకు సైతము కనబడును. భూమి పోవుటకన్న ఆ రెండవ తేదికే అతడు వెనుదీయుచున్నాడని నా అనుమానము.