దయ అను గని

కోలారు బంగారు గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతునకు దిగి, 2001లో మూతపడినవి. దయ అను గనికి అడుగు లేదు.

ఇంగ్లండున షాఫ్ట్స్‌బరీ ప్రభువు 1842లో స్త్రీలను, పదేండ్లలోపు బాలురను గనులలోనికి దింపరాదని చట్టము చేయించెను. 1845 నుండి 1885 వరకు పిచ్చాసుపత్రుల తనిఖీ సంఘమునకు అధ్యక్షుడై, మతి చెదరినవారి కట్లు విప్పించుటకు పాటుపడెను. ఆ పనిలోనే ముదిమి వచ్చినది. అప్పుడు, బ్రతికియున్న జంతువులను కోసి పరీక్షించుటను ఎదిరించుటకు 1875లో వెలసిన సంఘమునకును అధ్యక్షుడయ్యెను. బాధ చెప్పుకొనలేని మనిషిని ఆదుకొన్నవాడు నోరులేని పశువును విడువలేకపోయెను.

మనము పశువుతో మొదలుపెట్టితిమి. పింజరాపోలునకు చందా వ్రాయుదుము. ఇంట మతి చెదరిన బంధువును పరువుకై గదిలో దాచుదుము. ఇది రెండు తూకములు గల తక్కెడ కాదా? పర్యూషణమున క్షమాపణ ముందుగా ఆ గది తలుపు తీసి చెప్పుడు.