శీలం మైదానం గీత దగ్గర ఆగదు



మన ఆసిఫాబాద్ పిల్లగాడు కబడ్డీల కప్పు తెస్తే మురిసిపోతం. వాడే బస్టాండ్ల ఆడపిల్లను ఏడిపిస్తే? "ఆట వరకే నా పని" అంటడు కాలేజీ కోచ్. ఆ మాట నిలుస్తదా?

2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు పుల్లెల గోపీచంద్ పి.వి. సింధును ఫోనుకు దూరంగా ఉంచారు. ఆమె వెండి పతకం తెచ్చింది. పతకం కోసం ఆటగాళ్ల బయటి బతుకును పట్టించుకునే గురువులు, శీలం దగ్గరికి వచ్చేసరికి పట్టదంటే ఎట్ల?

సిగాలోవాద సుత్తంలో తథాగతుడు గురువుకు ఐదు విధులు చెప్పాడు. మొదటిది శిష్యుణ్ణి మంచి నడతలో తీర్చిదిద్దడం.

అట్లని తప్పంతా కోచ్ మీద రుద్దొద్దు. ఎవరి కర్మ వారిదే. చేసినవాడే జవాబు చెప్పాలి. కోచ్‌కు తెలియకుండా జరిగితే అతడు దోషి కాడు. కానీ తెలిసి కూడా, ఫైనల్ ఉన్నదని కప్పిపెడితే, ఆ కప్పిపెట్టడం అతని సొంత కర్మ.

మరి మనం? కప్పుకు చప్పట్లు కొట్టి, ఆ బిడ్డ కన్నీళ్లకు ముఖం తిప్పుకుంటే, అందులో మనకూ వాటా ఉన్నది.

నమో బుద్ధాయ.