బిడ్డ పేరున వచ్చిన కుర్చీ

జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన దాటితే రావులపాలెం. ఇవతల ఒడ్డున ఆలమూరు మండలం. పొద్దున్నే ఆ రోడ్డు మీద నిలబడితే నర్సరీల్లో కూలికి కడియం వైపు వెళ్ళే ఆడవాళ్ళ ఆటోలు కనిపిస్తాయి. నేను చెప్పబోయే ఆమె ఆ ఆటోల్లో వెళ్ళే మనిషే. ఆమె పేరూ, ఊరి పేరూ, బడి పేరూ రాయను. ఆమె నన్నడిగిన ఒక ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను. సాహిత్యంలో డాక్టరేట్ తీసుకుని, 'ప్రాతినిధ్యం' అనే మాటని వందసార్లు వాడినదాన్ని. ఆ మాట ఆమె నోట వేరేగా వినిపించింది.

ఆమె రెండుసార్లు ఎన్నికైంది. సర్పంచిగా కాదు, వార్డు మెంబరుగా కాదు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల కమిటీకి. పంచాయతీల్లో స్త్రీల గురించి మనం చాలా రాసుకున్నాం. ఈ ఎన్నిక గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గెలిస్తే ఊరేగింపు ఉండదు, ఓడితే పరువు పోదు.

ఈ కమిటీలు మనకి కొత్తేమీ కాదు. 1998లో పాఠశాల విద్యలో సామాజిక భాగస్వామ్యం కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టం చేశారు. 2009 విద్యా హక్కు చట్టం వచ్చాక దేశమంతటా ప్రభుత్వ బడులకి యాజమాన్య కమిటీ తప్పనిసరైంది. సభ్యుల్లో మూడొంతులు తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తం మీద సగంమంది స్త్రీలు ఉండాలి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం ఒక్కో తరగతి నుంచి ముగ్గురిని ఎన్నుకుంటారు, వారిలో ఇద్దరు తల్లులు. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవుల్లో ఒకటి స్త్రీకి. గడువు రెండేళ్ళు. ప్రధానోపాధ్యాయులు కన్వీనరు. బడి ఎలా నడుస్తోందో చూడడం, అభివృద్ధి ప్రణాళిక వేయడం, వచ్చిన డబ్బు ఎటు పోయిందో లెక్క చూడడం, ఇవీ కమిటీ పనులు. కాగితం మీద చూస్తే తక్కువ అధికారం కాదు.

2021 సెప్టెంబరులో ఎన్నికలు జరిగినప్పుడు ఆమె నర్సరీలో మొక్కలకి మట్టి ఎత్తుతోంది. కబురొస్తే ఆ పూట కూలి వదులుకుని వచ్చింది. అధ్యక్షురాలిని చేశారని అక్కడికొచ్చాకే తెలిసింది. పెద్దమనుషులు ముందురోజే ఆమె భర్తతో మాట్లాడేశారు. తర్వాత చాలా నెలలు మీటింగులో కుర్చీ ఆయనది, సంతకం ఈమెది. "ఆయన కూర్చునేవోరండి. నేను గుమ్మం దగ్గర నిలబడి, పిలిచినప్పుడు సంతకం పెట్టేదాన్నండి" అని మామూలుగా చెప్పింది.

ఇక్కడిదాకా మనకి తెలిసిన కథే. 'డమ్మీ' అని ఒక మాట పడేసి ముందుకి వెళ్ళిపోతాం. నేనూ అలాగే అనుకున్నాను, అర్జీ రాసే రోజు దాకా.

ఆడపిల్లల మరుగుదొడ్డికి గెడ లేదు. ఒక పిల్ల లోపలికి వెళ్తే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడాలి. నాలుగు, అయిదు తరగతుల పిల్లలు నీళ్ళు తాగడం మానేసి సాయంత్రం దాకా బిగబట్టుకుంటున్నారు. ఈ సంగతి ఆమెకి కూతురు చెప్పింది. మీటింగులో గుమ్మం దగ్గర నుంచే ఆమె ఆ మాట అంది. ఎవరో నవ్వారు. పుస్తకంలోకి ఎక్కలేదు. అప్పుడు నా దగ్గరికొచ్చి అర్జీ రాసిపెట్టమంది.

రాశాను. బాలికల గౌరవం, ఏకాంతపు హక్కు, బడి మానేయడానికి దారితీసే పరిస్థితులు, రాజ్యాంగం, అన్నీ కలిపి పేజీన్నర. చదివి వినిపించాను. ఆమె మర్యాదగా అంతా విని, "బావుందండి అమ్మాయిగారూ. గెడ లేదన్న మాట ఎక్కడుందండి?" అంది.

లేదు. పేజీన్నరలో ఎక్కడా గెడ లేదు.

ఆ రోజు నాకు సిగ్గేసింది. భర్త ఆమె కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆమె వాక్యంలో కూర్చున్నాను. ఆయన 'దానికేం తెలుసు' అనుకున్నాడు. నేను 'ఆమెకి తెలిసినదానికి భాష లేదు' అనుకున్నాను. రెండింటికీ తేడా ఉంది కానీ, నేననుకున్నంత లేదు. నేనామెని 'అక్కా' అంటాను, ఆమె నన్ను 'అమ్మాయిగారండీ' అంటుంది. ఆ వరస కలపడానికి నాకు ఖర్చేమీ కాలేదు. పేటకీ మా వీధికీ మధ్య దూరం అలాగే ఉంది. అణచివేతకి గురైనవాళ్ళ తరఫున మేధావులు మాట్లాడడంలో ఉన్న చిక్కు గురించి 1988లో గాయత్రీ స్పివాక్ రాసిన వ్యాసాన్ని క్లాసులో పాఠం చెప్పినదాన్ని. ఆ చిక్కు నా చేతిరాతలోనే ఉందని ఒక కూలి మనిషి చూపించాల్సి వచ్చింది.

రెండో అర్జీ ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. నాలుగు వాక్యాలు. మొదటి వాక్యం, "ఆడపిల్లల దొడ్డి తలుపుకి గెడ లేదు." దాన్ని ఆమే పట్టుకెళ్ళి కమిటీ ముందు, కుర్చీలో కూర్చుని చదివింది. భర్త ఆ రోజు రాలేదు. రావద్దందో, ఆయనే మానుకున్నాడో నేనడగలేదు. గెడ పడింది.

2024 ఆగస్టు 8న మళ్ళీ ఎన్నికలు. ఈసారి ఎవరూ పిలవలేదు. తనే కూలి మానుకుని వెళ్ళి, అయిదో తరగతి తల్లుల్లో నిలబడి, చేతులెత్తించుకుని గెలిచింది. అధ్యక్ష పదవికీ నిలబడింది. అది ముందే నిర్ణయమైపోయిన ఇంకో స్త్రీకి వెళ్ళింది. అంటే పిలిచి కుర్చీ ఇచ్చినప్పుడు గెలిచింది, తనంతట తాను అడిగినప్పుడు ఓడింది. నా లెక్కలో ఆమె అసలు రాజకీయ జీవితం ఆ ఓటమితోనే మొదలైంది.

కానీ అది ఏడాది కూడా నిలవలేదు. 2025 జూన్‌లో చిన్నపిల్ల ఆరో తరగతికి వేరే బడికి వెళ్ళింది. బిడ్డ బడిలో ఉన్నంత వరకే తల్లి కమిటీలో. గడువు ఇంకా ఉన్నా సభ్యత్వం పోయింది. అప్పుడే ఆమె అడిగింది: "అయితే ఇంక ఆ బడికి నేనెవర్నండి?"

చట్టం ఆమెని పౌరురాలిగా పిలిచిందా, తల్లిగా పిలిచిందా? ఈ బేధం చిన్నది కాదు. 1870లో ఇంగ్లండులో స్కూలు బోర్డులు పెట్టినప్పుడు స్త్రీలు వాటికి పోటీ చేయొచ్చన్నారు. పార్లమెంటుకి ఓటు రావడానికి 1918 దాకా ఆగాల్సి వచ్చిన దేశం అది. ఆ ఏడాదే లండన్ బోర్డుకి ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవిస్ ఎన్నికయ్యారు. గారెట్‌కి నగరం మొత్తం మీద అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. అప్పటికి ఇద్దరికీ పెళ్ళి కాలేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1879లో స్త్రీలకి స్కూలు కమిటీ వరకే ఓటిస్తే, మరుసటేడు కాంకర్డ్‌లో ఓటేసిన ఇరవైమంది స్త్రీలలో రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ ఒకరు. ఆమే అవివాహిత. 'పిల్లల పని ఆడవాళ్ళకి సహజం' అన్న వాదనతోనే వాళ్ళకీ తలుపు తెరుచుకుంది. కానీ లోపలికొచ్చాక బిడ్డని చూపించమని ఎవరూ అడగలేదు.

మన దగ్గర తల్లిని పొగడడానికి కొదవలేదు. 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం. మధ్యాహ్న భోజనానికి 2024లో మన కోనసీమ మనిషే, లంకల గన్నవరంలో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. తల్లుల ఖాతాల్లో డబ్బు పడడం నేను తక్కువ చేయను. అది ఇంట్లో ఆమె మాటకి కొంత బలం. కానీ పొగడ్తా, పనీ తల్లికి ఇచ్చి, నిలకడైన అధికారం దగ్గరకొచ్చేసరికి బిడ్డ టీసీతో పాటు ఆమెనీ పంపించేయడం ఏ న్యాయం? రోడ్డు పక్క ప్రైవేటు స్కూళ్ళకి ఈ కమిటీ నిబంధన లేదు. ఫీజు కట్టగలిగిన తల్లిని బడి నడపమని చట్టం అడగదు. ఒక పూట కూలి పోగొట్టుకునే తల్లినే జీతం లేకుండా అడుగుతుంది. ఇక కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్ళిన తల్లులున్న ఇళ్ళు మా వైపు ఎన్నో. వాళ్ళ తరఫున అమ్మమ్మ చెయ్యెత్తుతుంది. బిడ్డ కోసం సముద్రం దాటినామెకి బడిలో మాట లేదు.

అందుకని ఈ అర్హతే తీసేయమందామా? నేను మొదట అలాగే అనుకున్నాను. తర్వాత నీటి సంఘాలు గుర్తొచ్చాయి. 1997 చట్టంతో కాలవల కింద సంఘాలు పెట్టినప్పుడు ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాళ్ళకి. పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ళు ఎందరున్నా, పట్టా వాళ్ళ పేర్న లేదు కాబట్టి సంఘంలో లేరు. బడి కమిటీలో మాత్రం అర్హత భూమి కాదు, బిడ్డ. పిల్లల్ని కాన్వెంటుకి పంపే పెద్దమనుషులు తెర వెనక మంతనాలు చేయగలరే గానీ, కుర్చీలో కూర్చోలేరు. అర్హత తీసేస్తే ఆ కుర్చీ ముందు వాళ్ళదే అవుతుంది. ఆమెని బయటికి పంపిన నిబంధనే ఆమెని లోపలికి తెచ్చింది. దీన్ని ఒప్పుకోకుండా వాదించడం నిజాయితీ కాదు.

కాబట్టి నాకు తోచిందిది. లోపలికి రావడానికి బిడ్డ అర్హత కావచ్చు. బయటికి పోవడానికి అది కారణం కాకూడదు. ఎన్నికైన తల్లి గడువు పూర్తి చేయాలి. ఒకసారి పనిచేసిన ఆమె, పిల్లలు వెళ్ళిపోయాక కూడా, మళ్ళీ నిలబడగలగాలి. ఆమె పోయిన పూట కూలి ఎవరో ఒకరు లెక్కగట్టాలి. బడిలో పెరిగింది పిల్లలే కాదు, ఆమె కూడా. గుమ్మం నుంచి కుర్చీ దాకా ఆమె నడిచిన నాలుగేళ్ళని బిడ్డ ఖాతాలో రాయడం దొంగలెక్క.

ఇదంతా ఆమెకి చెప్పాను, ఈసారి చిన్న వాక్యాల్లో. "అది చట్టం సంగతి కదండి. అప్పటిదాకా?" అంది. నేనేం మాట్లాడలేదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు తెలిసింది. కూతురి కొత్త హైస్కూల్లో దొడ్డికి నీళ్ళు రావట్లేదట. వచ్చే ఎన్నికకి తల్లుల జాబితాలో తన పేరు ఉందో లేదో చూసి రావడానికి ఆమె ఇప్పటికే ఒక పూట కూలి మానుకుంది. అర్జీ రాయమని మాత్రం నన్నడగలేదు.