పసుపు అంటిన చేతులు

వాక్యభాగము: 2 థెస్సలొనీకయులకు 3:6–13



గడచిన కోత పండుగనాడు నేను ఈ వాక్యభాగమునుండియే ప్రసంగించితిని. పని చేయనొల్లనివాడు భోజనమునకు తగడని అపొస్తలుడైన పౌలు ఇచ్చిన ఆజ్ఞను గట్టిగా నొక్కి చెప్పితిని. ముందు చాపలమీద కూర్చున్న పెద్దలు తలలూపిరి. వెనుక గోడకు ఆనుకొని నిలిచిన యౌవనులు తలలు వంచుకొనిరి. నా ప్రసంగము బాగుగా నాటినదని లోలోపల సంతోషించితిని.

ఆరాధన ముగిసిన పిమ్మట ఒక పెద్దాయన నా చేయి పట్టుకొని, "మంచిగ చెప్పిన్రు అయ్యగారు. మా పిల్లగాడు కంఠేశ్వర్ల రూము తీసుకొని సర్కారు కొలువుకు చదువుతున్ననంటడు. పోయి చూస్తే పొద్దు నెత్తిమీదికి వచ్చినా పండుకునే ఉంటడు. మీరు ఒక్కసారి పోయి బుద్ధి చెప్పుండ్రి" అని బతిమాలెను. ఆయన ముప్పది యేండ్లు చెరకు నరికి, మోపులు మోసినవాడు. నడుము వంగిపోయినది. అట్టివాని మాట కాదనగలనా? ఆ వారములోనే నిజామాబాదుకు బస్సు ఎక్కితిని.

నేను తలుపు తట్టునప్పటికి పది గంటలు దాటినది. కుమారుడు నిద్రించుచునే యుండెను. చెప్పవలసిన మాటలన్నియు దారిలోనే సిద్ధము చేసికొని వచ్చితిని. ఆ చిన్నవాడు దిగ్గున లేచి, చాప పరచి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చెను. చెంబు అందుకొనునప్పుడు అతని చేతులు చూచితిని. గోళ్ళ సందులలో పసుపు పట్టియున్నది. మెడమీద తోలు లేచి ఎఱ్ఱగా కమిలియున్నది. ఇదేమని అడిగితిని. చాలసేపు ఊరకుండి, చివరకు చెప్పెను.

"రాత్రిపూట గోదాముకాడ లారీలకు పసుపు బస్తాలు ఎత్తుతున్న అయ్యగారు. నాలుగింటికి వచ్చి పండుకుంట. పగటాల్లనుంచి చదువుకుంట. రూము కిరాయి అట్లనే ఎల్తది. బాపుకు మాత్రం చెప్పకుండ్రి."

"ఎందుకు బిడ్డా?"

"నేను మోసింది చాలు, నువ్వు మూట మొయ్యద్దని నా చిన్నప్పటి సంది చెప్పిండు. హమాలీ చేస్తున్ననని తెలిస్తే ఆయన పానం తట్టుకోదు."

ప్రియులారా, బుద్ధి చెప్పబోయినవాడను బుద్ధి తెచ్చుకొని వచ్చితిని. పని చేయుచున్న కుమారుని తండ్రి సోమరి అనుకొనుచున్నాడు. తండ్రి సిగ్గుపడునేమోయని కుమారుడు తన కష్టమును దొంగసొత్తువలె దాచుకొనుచున్నాడు. ఈ ఇద్దరి మధ్య ఈ గోడ కట్టినదెవరు? ఆ రాత్రి దీపము ముందు కూర్చుండి, నేను ప్రసంగించిన అధ్యాయమునే మరల చదివితిని. వారి అనుమతితోనే, పేర్లు చెప్పక, నేను నేర్చుకొనినది మీకు వ్రాయుచున్నాను.

మొదటిది: పౌలు ఎవరిని గద్దించెను? పని చేయనొల్లనివానిని గద్దించెను గాని, పని దొరకనివానిని గద్దించలేదు. అంతేకాదు, ఆ ఆజ్ఞ పదవ వచనములో ఉన్నది. ఎనిమిదవ వచనములో పౌలు తానే రాత్రింబగళ్ళు కష్టపడితినని, ఎవరికిని భారము కాలేదని చెప్పుకొనుచున్నాడు. ఆయన డేరాలు కుట్టువాడని అపొస్తలుల కార్యములు 18:3లో చదువుచున్నాము. ముందు తన చేతులు చూపి, తరువాత నోరు తెరచెను. నేను ఎనిమిదవ వచనము విడిచి పదవ వచనమును కఱ్ఱవలె పట్టుకొంటిని. మత్తయి 20వ అధ్యాయములోని యజమానుడు ప్రొద్దు గ్రుంకుటకు ముందు సంతవీధిలో ఊరక నిలిచినవారిని చూచి, మీరెందుకు ఇట్లు నిలిచితిరని అడిగెను. మమ్మును ఎవరును పనికి పిలువలేదని వారు చెప్పిరి. ఆయన వారిని తిట్టలేదు; తోటకు పంపెను. మనము మన పిల్లలను ఆ ప్రశ్న అడిగితిమా?

మన ప్రాంతపు సంగతి ఆలోచించుడి. మంజీరా నదిమీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగరు మన భూములను తడిపెను. 1937లో బోధను శక్కర్‌నగరులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడెను. కోస్తా జిల్లాలనుండి రైతులు వచ్చి, క్యాంపులు వేసికొని, వరియు చెరకును పండించిరి. చెరకు నరకు కాలము వచ్చినదంటే బండ్లు బారులు తీరెడివి; కూలివారికి ఒకచోట గాకున్న ఇంకొకచోట పని ఉండెడిది. తండ్రి వెంట కుమారుడు పోయి, చూచి నేర్చుకొనెడివాడు. 2002లో ఆ ఫ్యాక్టరీ ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. తండ్రి కొడవలి పట్టిన పొలములో నేడు కోత యంత్రము తిరుగుచున్నది. తండ్రి నేర్చిన పని కుమారునికి మిగులలేదు. పని నేర్చుకొను బడి మూతపడిన తరువాత, పిల్లలు నేర్చుకొనలేదని అనుట న్యాయమా?

రెండవది: పిల్లలకు పనియందు చిన్నచూపు ఎక్కడనుండి వచ్చెను? మన నోటనుండియే వచ్చెను. "చదువుకోకుంటే నాలెక్క మట్టి పిసుకుతవు" అని చెప్పని తండ్రి మనలో ఎవడు? నేనును కూలివాని కుమారుడనే. నా పిల్లలతో ఆ మాట అన్నవాడనే. ఇక్కడ ఇటుక మోయుటకు సిగ్గుపడు చిన్నవాడు దుబాయిలో, సౌదీలో మండుటెండలో అదే ఇటుక మోయుచున్నాడు. అక్కడ చూచువారు లేరు గనుక సిగ్గు లేదు. అట్లైన అతనికి కొరతపడినది బలము కాదు. మన గడపలో అతని కష్టమునకు గౌరవము కొరతపడినది.

అయితే తండ్రులు ఆ మాట ఊరకనే అనలేదు. మన తాతముత్తాతలలో అనేకులు వెట్టి చేసినవారు. పిలిచినప్పుడెల్ల పోయి, కూలి లేక, మాట పడి, దొరల ఇండ్లలోను పొలములలోను చాకిరి చేసిరి. ఆ కాడి తమ బిడ్డలమీద పడకూడదని కోరుట పాపము కాదు; అది ప్రేమ. గాని వెట్టిని విడుచుట వేరు, పనిని అసహ్యించుకొనుట వేరు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో ఫరోకు ఇటుకలు చేసి నలిగిపోయిరి. దేవుడు వారిని విడిపించెను. విడిపించి, చేతులు ముడుచుకొని కూర్చుండుడని చెప్పెనా? అరణ్యములో ఆ జనులచేతనే తన ప్రత్యక్ష గుడారము చేయించెను. స్త్రీలు తమ చేతులతో నూలు వడికిరి. బెసలేలు బంగారము, వెండి, ఇత్తడి పనులను, చెక్క పనిని చేసెను. దేవుని ఆత్మయే అతనికి ఆ నేర్పు నిచ్చెనని నిర్గమకాండము 31వ అధ్యాయము చెప్పుచున్నది. చేతులు అవే, యజమానుడు మారెను. బానిసత్వము పనిలో లేదు, పని చేయించుకొనువాని అన్యాయములో ఉన్నది. మన ప్రభువును ఆయన స్వగ్రామస్థులు వడ్రంగియని చులకన చేసిరి (మార్కు 6:3). ఆయన ఆ పేరుకు సిగ్గుపడలేదు.

మూడవది: మనము ఏమి చేయవలెను?

పని చేయించుకొనువారలారా, కూలి నిలిపివేయకుడి. బిగబట్టిన కూలి మొఱ పెట్టుచున్నదని, ఆ మొఱ దేవుని చెవిని చేరినదని యాకోబు 5:4 చెప్పుచున్నది. తండ్రికి రావలసిన కూలి ఎగవేయబడుట చూచిన కుమారుడు పనిని ఎట్లు ప్రేమించును?

సంఘ పెద్దలారా, మెదకు దేవాలయమును తలంచుకొనుడి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కాలములో, కరువు దినములలో, జనులకు పని కల్పించి, ఆ పనికి ఆహారమిచ్చి ఆ మందిరము కట్టించిరి. అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. అన్నము తిన్నవారు చేయి చాచినవారమని తల వంచుకొనలేదు. మా చేతులతో కట్టితిమని తల ఎత్తి చెప్పుకొనిరి. పని చేయుమని చెప్పు సంఘము పని చూపు సంఘము కావలెను. మన పిల్లలలో ఒకడు కరెంటు పని, ఇంకొకడు మోటారు మరమ్మతు, మరియొకతె కుట్టుపని నేర్చుకొనుటకు మన కానుకలలో కొంత ప్రత్యేకింపలేమా?

యౌవనులారా, మీకును ఒక మాట. పరీక్షకు చదువుడి; మంచిదే. గాని నోటిఫికేషను వచ్చువరకు ఏండ్లకేండ్లు ఫోను చూచుచు కల్వర్టుమీద కూర్చుండువాడు నిరీక్షించువాడు కాడు. మీ తల్లి దీపము క్రింద బీడీలు చుట్టి మీకు ఫీజు కట్టినదని మరువకుడి. దొరికిన పనిలో నమ్మకముగా ఉండుడి. నీతిగా చేసిన పనిని దాచకుడి. దాచవలసినది పాపమే గాని కష్టము కాదు.

తల్లిదండ్రులారా, పిల్లలను తీర్పు తీర్చకముందు వారి చేతులు చూడుడి.

నేను ఆ చిన్నవానితో, "నేను చెప్పను. నీవే చెప్పు" అని చెప్పి వచ్చితిని. రెండు వారములు గడచిన తరువాత అతడు ఇంటికి వచ్చెనట. తండ్రీ కుమారులు ఏమి మాటలాడుకొనిరో నేను అడుగలేదు. ఆ ఆదివారము కానుకల సమయమున ఆ పెద్దాయన మడత పెట్టిన నోటొకటి పళ్ళెములో వేసెను. ఆరాధన తరువాత నా యొద్దకు వచ్చి, "మా పిల్లగాడు కష్టం చేసిన పైస అయ్యగారు" అనెను. కన్నులు తడిసియుండెను గాని, వంగిన ఆ నడుము ఆనాడు కొంత నిటారుగా నాకు కనబడెను.

ప్రార్థన: వడ్రంగివాని బల్లయొద్ద పని చేసిన ప్రభువా, మా చేతుల పనిని స్థిరపరచుము. పని లేనివారికి పని చూపుము. కూలివానికి అతని కూలి దయచేయుము. తండ్రుల హృదయములను పిల్లల తట్టును, పిల్లల హృదయములను తండ్రుల తట్టును త్రిప్పుము. ఆమేన్.

మీ సంఘ కాపరి