కల కోసం నిద్ర పోగొట్టుకోవడమా?

ఒక సోదరుడు మమ్మల్ని అడిగాడు: "మౌలానా! అమ్మ పోయినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఇది కల అని తెలిసి ఉండగానే కలగనే విద్య ఉందట. అమ్మతో మాట్లాడాలని ఉంది. నేర్చుకోవచ్చా?"

విద్య అబద్ధం కాదు. నిద్రిస్తున్న వ్యక్తి కలలో ఉండగానే కనుగుడ్లు కదిపి ఇచ్చిన సైగలను 1975లో ఇంగ్లండులో కీత్ హెర్న్ యంత్రంపై నమోదు చేశాడు. కలలు తెల్లవారుజామున ఎక్కువ కాబట్టి, నేర్చుకునేవారు ఐదు గంటలు పడుకుని, అలారంతో లేచి, మళ్ళీ పడుకుంటారు. మళ్ళీ నిద్ర పట్టేవారి సంగతి వేరు. మీకైతే ఉన్న కాస్త నిద్రా పోతుంది.

ఇబ్నె ఖల్దూన్ (రహ్మతుల్లాహి అలైహి) ముఖద్దిమాలో, కోరిన కల కోసం పడుకునే ముందు పలికే కొన్ని మాటల్ని ప్రస్తావించారు. తనకూ వింత కలలు వచ్చాయన్నారు. అయినా అవి మనసును సిద్ధం చేస్తాయే తప్ప కలను రప్పించలేవని తేల్చారు. (ఆ మాటలేవో మమ్మల్ని అడగవద్దు.)

రాత్రంతా నమాజులో గడిపే హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి)కే దైవప్రవక్త (స) కంటికీ, దేహానికీ హక్కుందని గుర్తుచేశారు. ఆరాధన కోసమే కాజేయరాని హక్కును కల కోసం కాజేయవచ్చా? పైగా కలల్లో ఒక రకం మనిషి మనసులోని ఊసులేనని కూడా ఆయన (స) తెలిపారు. కలలో బదులిచ్చేది అమ్మేనని ఎలా నమ్ముతారు?

సోదరా! అలారం తీసేయండి. అమ్మ కోసం దుఆ చేయండి, ఆమె పేర సదఖా ఇవ్వండి. వుజూ చేసుకుని కుడివైపుకు ఒత్తిగిలి పడుకోండి. అయినా వారాల తరబడి నిద్ర రాకుంటే సిగ్గుపడక డాక్టరును కలవండి.